గోడకి కొత్త రంగు, దస్తావేజులో పాత వాక్యం

పాత ఫ్లాటు చూడ్డానికి వెళ్లారు. హాల్లో మూడు గోడలు మాసిపోయి ఉన్నాయి, నాలుగోది మాత్రం పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. పడగ్గదిలో ఎక్కడా లేని జిప్సం ఫాల్స్ సీలింగ్, పైవాళ్ల బాత్రూం కిందికొచ్చే మూలలో మాత్రం ఉంది. జనవరిలో రిజిస్ట్రేషన్ అయిపోతుంది. జులైలో మొదటి ముసురుకి ఆ గోడ పుట్టీ పొక్కుతుంది, ఫాల్స్ సీలింగ్ మీద టీ మరక లాంటి వలయం తేలుతుంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మేం ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదండీ" అంటాడు. పక్క ఫ్లాటావిడ మాత్రం "అదా, మూడేళ్ల నుంచీ ఉన్నదేగా" అంటుంది.

"తెలిసి కూడా చెప్పలేదు, కేసు వేస్తాను" అనే మాట ఇక్కడే పుడుతుంది. న్యాయం ఆ మాట వైపే ఉంది, చట్టం కూడా చాలావరకు అటే ఉంది. అయినా కోర్టులో అది బలహీనమైన వాదన. "చెప్పలేదు" అని నెగ్గడం కష్టం, "అడిగితే లేదని రాసిచ్చాడు" అని నెగ్గడం చాలా తేలిక. ఈ రెంటికీ మధ్య ఉన్నదల్లా ఒక్క కాగితం. అడ్వాన్సుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య దాన్ని రాయించుకోవాలన్న సంగతి మనవాళ్లకి తట్టదు. ఆ రోజుల్లో అందరి బుర్రా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) మీద, లింకు డాక్యుమెంట్ల మీద, ముహూర్తం మీద ఉంటుంది.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 55(1)(ఎ): ఆస్తిలో గాని, దాని మీద తన హక్కులో గాని ఉన్న ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు కొనేవాడికి చెప్పి తీరాలి. అయితే ఆ లోపం అమ్మేవాడికి తెలిసి ఉండాలి, కొనేవాడికి తెలియకుండా ఉండాలి, మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడి కంటికి దొరకనిదై ఉండాలి. అదే సెక్షన్ చివర ఇంకో వాక్యం ఉంది: అలా చెప్పకపోవడం మోసమే. నూట నలభై ఏళ్ల కిందటి చట్టం ఇంత గట్టిగా చెప్పిందంటే చదివినవాడికి ధైర్యం వస్తుంది. రావాల్సిందే. కానీ ఇందులో ముడులున్నాయి, ఒక్కొక్కటీ విప్పి రుజువు చేయాల్సిన బరువు కొన్నవాడిదే.

"ముఖ్యమైన లోపం" అన్న ముడి పెద్ద కష్టం కాదు. 1834 నాటి ఇంగ్లండు తీర్పు ఫ్లైట్ వర్సెస్ బూత్ నుంచి వస్తున్న కొలతే మన కోర్టుల్లోనూ నడుస్తోంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే కొనేవాడు అసలు ఈ బేరంలోకే దిగేవాడు కాదేమో అన్నంత పెద్దదై ఉండాలి. తలుపు గడియ వదులైతే లోపం కాదు. స్లాబు కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడుతుంటే లోపం.

"అమ్మేవాడికి తెలుసు" అన్నదే అసలు ముడి. మనిషి మనసులో ఉన్నదాన్ని బయటి నుంచి రుజువు చేయాలి. దానికి దారులు లేకపోలేదు, తర్వాత చెప్తాను.

"మామూలు జాగ్రత్త" అన్న ముడి రోజురోజుకీ బిగుసుకుంటోంది, ఎవరూ గమనించడం లేదు. పాతికేళ్ల కిందట చెరువు హద్దు ఎక్కడిదాకా ఉందో తెలుసుకోవాలంటే రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇప్పుడు హెచ్ఎండీఏ (హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఎ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన సర్వే నంబర్ల జాబితా ఫోన్లోనే దొరుకుతుంది. ప్రభుత్వం రికార్డులు తెరిచినకొద్దీ "మీరే చూసుకోవాల్సింది" అనే అవకాశం అమ్మేవాడికి పెరుగుతోంది. పారదర్శకత కొనేవాడి కోసమే అనుకుంటాం గానీ, వ్యాజ్యంలో దాన్ని వాడుకునేది అవతలి పక్షం వకీలు.

ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత, దాని గొడవే చూడండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంటల నుంచి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. పది మీటర్ల కంటే వెడల్పున్న నాలా, వాగుల నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక హైదరాబాదులో ఈ అంకెలు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చాయి. ఆ గీతలో ఉన్న ఇల్లు అమ్మినవాడు చెప్పకపోతే తప్పే. కానీ అతని జవాబు సిద్ధంగా ఉంటుంది: "మ్యాపు ఆన్‌లైన్లో ఉంది, చెరువు కిటికీలోంచి కనిపిస్తోంది, నేను దాచిందేముంది?" అదే ఆయన చేతికి ఇరిగేషన్ వాళ్ల నోటీసు అంతకుముందే వచ్చి ఉంటే కథ మారుతుంది. మ్యాపు అందరిదీ, నోటీసు ఆయనొక్కడిదే. నోటీసు అందుకుని తేలు కుట్టిన దొంగలా ఊరుకుని అమ్మడమంటే సెక్షన్ 55 అన్నదానికి అచ్చమైన ఉదాహరణ.

ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరుంది, నల్లా కనెక్షన్ ఉంది కాబట్టి అంతా సక్రమమే అనే మాట నమ్మకండి. అనుమతి లేని అంతస్తుకి కూడా మునిసిపాలిటీ పన్ను వేస్తుంది, పైగా జరిమానా కలిపి వేస్తుంది. పన్ను రసీదు కట్టడాన్ని సక్రమం చేయదు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భవనంలో కాపురానికి అనుమతి పత్రం) లేకుండా నీటి, కరెంటు కనెక్షన్లు ఇవ్వొద్దని, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు అప్పివ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించింది. అంటే ఓసీ లేని ఫ్లాటు ఈరోజు మీరు కొన్నా, రేపు మీ దగ్గర కొనేవాడికి లోను పుట్టకపోవచ్చు. ఇంకొకటుంది. పెద్ద భవనాలకి అనుమతిచ్చేటప్పుడు కట్టిన వైశాల్యంలో 10 శాతాన్ని మునిసిపాలిటీ తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది, ఓసీ వచ్చాకే విడుదల చేస్తుంది. ఆ 10 శాతంలో పడే ఫ్లాట్లేవో ప్లానులో ఉంటాయి. బిల్డరు వాటినీ అమ్మేసి ఉంటే, మూడో చేతికి వచ్చేసరికి ఆ సంగతి గుర్తున్నవాళ్లు ఉండరు.

ఇప్పుడు చట్టంలోనే ఉన్న ఒక గుర్రం కథకి వద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17లో మోసం అంటే ఏమిటో చెప్తూ కొన్ని ఉదాహరణలిచ్చారు. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు, జబ్బు సంగతి చెప్పడు: అది మోసం కాదు. మామూలుగా మౌనం మోసం కాదన్నది కాంట్రాక్టు చట్టం పద్ధతి. అక్కడే ఇంకో ఉదాహరణలో కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉందనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు ఏమీ మాట్లాడడు. ఇక్కడ మౌనమే మాట. ఆ మాట అబద్ధమైతే అది మోసం.

ఇళ్ల వ్యాజ్యాల్లో నాకు తెలిసినంతలో దీనికంటే పనికొచ్చే ఉదాహరణ లేదు. దానికి తోడు సెక్షన్ 19లో ఒక మినహాయింపుంది, చాలామంది దాని దగ్గరే బోల్తా పడతారు. మౌనం వల్ల మోసపోయానంటే, మామూలు శ్రద్ధతో నిజం కనుక్కునే వీలు నీకు ఉండిందా అని అడుగుతారు, ఉంటే ఒప్పందం రద్దు కాదు. నోటితో గాని రాతతో గాని కావాలని అబద్ధమాడి మోసగిస్తే ఈ మినహాయింపు అమ్మేవాడికి అక్కరకి రాదు. అందుకే మౌనాన్ని అబద్ధంగా మార్చడమే కొనేవాడు చేయాల్సిన పని. అంటే అడగాలి, రాతలో అడగాలి.

"ఏమైనా సమస్యలున్నాయా?" అని అడగడం దండగ. "ఏమీ లేవండీ" అన్న జవాబుకి కోర్టులో విలువుండదు, అది అభిప్రాయమంటారు. ప్రశ్నలో తేదీ, చోటు, అంకె ఉండాలి. "గత మూడేళ్లలో ఏప్రిల్, మే నెలల్లో అసోసియేషన్ ఎన్ని నీళ్ల ట్యాంకర్లు కొంది?" "పై ఫ్లాటు బాత్రూం నుంచి నీళ్లు దిగుతున్నాయని ఎప్పుడైనా పైవాళ్లతో గాని అసోసియేషన్‌తో గాని మాట్లాడారా? రిపేరు చేయిస్తే ఎప్పుడు, ఎవరితో?" "మునిసిపాలిటీ, రెవెన్యూ, ఇరిగేషన్, ఏ శాఖ నుంచైనా నోటీసు అందుకున్నారా?" "ఈ ఫ్లాటు మునిసిపల్ తనఖాలో ఉండేదా? విడుదల పత్రం చూపించగలరా?" "వరద నీళ్లు లోపలికి ఎప్పుడైనా వచ్చాయా, ఎన్ని అడుగులు?" "ఈ ఆస్తి మీద ఏ కోర్టులోనైనా దావా నడుస్తోందా?" ఈ చివరిదాన్ని వదలొద్దు. పెండింగు దావా ఈసీలో కనిపించాలన్న నియమం మన రాష్ట్రాల్లో లేదు. కానీ ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం దావా నడుస్తుండగా కొన్నవాడు కూడా ఆ తీర్పుకి కట్టుబడాల్సిందే.

వరద ప్రశ్న ఎందుకంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ పేట మునిగిందని లోకానికంతా తెలుసు, దాన్ని "దాచాడు" అనలేరు. ఫలానా అపార్ట్‌మెంటు గ్రౌండ్ ఫ్లోర్లో నీళ్లు స్విచ్‌బోర్డు దాకా వచ్చాయా, లిఫ్టు గుంటలో ఎన్నాళ్లు నిలిచాయి, గోడల్లోని వైరింగు మార్చారా లేదా అన్నది మాత్రం ఆ ఇంటివాళ్లకే తెలుసు. మార్చకుండా కొత్త స్విచ్ ప్లేట్లు బిగిస్తే బయటి మనిషికి కనిపించదు.

జవాబుల కాగితాన్ని అగ్రిమెంటుకి అనుబంధంగా జత చేసి రెండు వాక్యాలు రాయించుకోండి. ఈ జవాబులను నమ్మే కొనుగోలుదారు కొంటున్నాడని ఒకటి. ఏదైనా తప్పని తేలితే మరమ్మతు ఖర్చు, నష్టం విక్రయదారు భరించాలని, ఈ షరతు రిజిస్ట్రేషన్ తర్వాత కూడా అమల్లో ఉంటుందని రెండోది. రెండోదాని చివరి ముక్క లేకపోతే, అగ్రిమెంటులోని మాటలన్నీ రిజిస్టర్డ్ దస్తావేజులో కలిసిపోయాయి, ఇక దస్తావేజే ప్రమాణం అని వాదిస్తారు.

ఆ దస్తావేజు ఎలా ఉంటుందో చూడండి. డాక్యుమెంటు రైటరు దగ్గర తయారుగా ఉండే నమూనాలో "సదరు ఆస్తిపై ఎటువంటి తనఖాలు, జప్తులు, కోర్టు తగాదాలు లేవని, ఏదైనా చిక్కు వచ్చినచో విక్రయదారు స్వంత ఖర్చులతో పరిష్కరించగలరని" అరపేజీ ఉంటుంది. అదంతా హక్కు గురించే. గోడ గురించి, స్లాబు గురించి, నీళ్ల గురించి ఒక్క అక్షరం ఉండదు. ఉన్నదల్లా ఒకే వాక్యం, అదీ మీకు ఎదురుగా: "కొనుగోలుదారు సదరు ఆస్తిని స్వయంగా చూసుకొని, అన్ని విధాలా తృప్తి చెంది..." సెక్షన్ 55 మొదలయ్యేదే "వేరే ఒప్పందం లేనప్పుడు" అన్న మాటతో. ఆ తృప్తి వాక్యమే వేరే ఒప్పందమని అవతలివాళ్లు వాదిస్తారు. రుజువైన మోసాన్ని అలాంటి వాక్యం కాపాడదు, నిజమే. కానీ రుజువయ్యేదాకా మీ మెడకి తగులుకునే ఉంటుంది. దాన్ని కొట్టేయించండి, లేదా "జత చేసిన జవాబులకు లోబడి" అని చేర్పించండి. డ్రాఫ్టు ముందురోజే తెప్పించుకోవాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో స్లాటు టైము దాటిపోతుంటే ఎవరూ చదవరు.

ఇక అమ్మేవాడికి తెలుసని రుజువు చేయడం. పైన చెప్పిన బాత్రూం కారుడునే దగ్గరగా చూద్దాం. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబుని మిగతా స్లాబు కంటే అడుగు దాకా కిందికి దించి పోస్తారు. అందులో పైపులు పరిచి, ఇటుక ముక్కలో సిండరో నింపి, పైన టైల్స్ వేస్తారు. నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే తూము) దగ్గర జాయింటు వదిలితే నీళ్లు సూటిగా కిందికి రావు. ఆ నింపుడులో చేరి, ఊరి, నెలల తరబడి నిలిచి, మెల్లగా స్లాబులోంచి దిగుతాయి. పైవాళ్లు పండక్కి ఊరెళ్లి పదిరోజులు బాత్రూం వాడకపోయినా కింద చెమ్మ ఆగనిది ఇందుకే. టైల్స్ సందుల్లో ఎపాక్సీ పూస్తే పైనుంచి దిగే నీళ్లు కొంత తగ్గి కొన్ని నెలలు నిమ్మళిస్తుంది. ఫ్లాటు అమ్మడానికి ఆ కొన్ని నెలలు చాలు.

కానీ కడ్డీ అబద్ధమాడదు. నీళ్లు తగిలిన కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద కవర్ కాంక్రీటుని తోసేస్తుంది. రూపాయి బిళ్లతో సీలింగ్ మీద తడితే డొల్ల మోత వస్తుంది. పొరలు పొరలుగా లేచే తుప్పు ఆరు నెలల్లో తయారవదు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఆ పెచ్చు తీసి, కడ్డీ ఎంత సన్నబడిందో కొలిచి రాస్తే లోపం మీరు కొనకముందుదని తేలుతుంది. పుట్టీ కింద పాత మరక, దాని మీద రెండు పొరల కొత్త రంగు దొరికితే కప్పిపెట్టారని తేలుతుంది. కప్పిపెట్టినవాడికి తెలియదనడం ఎవరూ నమ్మరు. అందుకే కోపంలో ముందు రిపేరు చేయించేయకండి. ఫొటోలు, వీడియో తీసి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసిచ్చి, కోర్టుకెళ్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ని వేయమని అడగండి. ఆయన ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చి ఉన్నదున్నట్టు రాస్తాడు. పైకప్పు ప్రమాదంగా ఉంటే ఊతకర్రలు పెట్టించండి, పెచ్చు మాత్రం పారేయకండి.

రెండో సాక్ష్యం అసోసియేషన్. మీటింగు మినిట్స్ పుస్తకం, మెయింటెనెన్స్ ఖాతా, అన్నిటికంటే మించి వాట్సాప్ గ్రూపు. "సార్, మళ్లీ కారుతోంది, ఎవరన్నా ప్లంబర్ని పంపండి" అని రెండేళ్ల కిందట అమ్మినాయనే పెట్టిన మెసేజ్‌ని మించిన సాక్షి ఉండడు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్యతో) సహా జతపరచాలి. ఆ మెసేజ్ ఎవరి ఫోన్లో ఉందో వాళ్లు సాక్ష్యానికి ముందుకి రావాలి. మీరు అక్కడే కాపురం ఉండాలి కాబట్టి, గ్రూపులో తగాదా పెట్టుకునే ముందే ఆ పని చూసుకోండి.

ఎక్కడికెళ్లాలన్న విషయంలో తప్పటడుగులు ఎక్కువ. ఒక వ్యక్తి తన పాత ఇల్లు మరో వ్యక్తికి అమ్మితే అది వినియోగదారు వివాదం కాదు, సివిల్ కోర్టుకే. బిల్డరు దగ్గరో, అభివృద్ధి చేసి అమ్మే లేఅవుట్ సంస్థ దగ్గరో కొంటే వినియోగదారు కమిషన్‌కి వెళ్లొచ్చు. లేఅవుట్ల విషయం సుప్రీంకోర్టు 2012లో తేల్చింది హైదరాబాదు సంస్థ నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులోనే. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. గడువు రెండేళ్లు.

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద) నమోదైన ప్రాజెక్టైతే ఆ చట్టం సెక్షన్ 14(3) ఉంది. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి, లేదా పరిహారమివ్వాలి. రెండో చేతిలో కొన్నవాళ్లు ఇది తమకి వర్తించదనుకుని వదిలేస్తారు. చట్టంలో "అలాటీ" (ఫ్లాటు కేటాయించబడినవాడు) అన్న నిర్వచనంలోకి తర్వాత కొన్నవాళ్లూ వస్తారు. ఐదేళ్లు లెక్కపెట్టాల్సింది మాత్రం మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ల ఎనిమిది నెలల వయసున్న ఫ్లాటు కొంటే మీ చేతిలో ఉన్నది నాలుగు నెలలు, ఆ నాలుగు నెలల్లో వర్షాకాలం రాకపోవచ్చు.

పోలీసు స్టేషన్? భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318 ఉంది, నిజాన్ని దురుద్దేశంతో దాచడం కూడా వంచనే అని అందులోనే ఉంది. కానీ సివిల్ తగాదాకి క్రిమినల్ రంగు పూయొద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు మందలించింది. గోడ చెమ్మకి ఎఫ్ఐఆర్ వేయించి బెదిరిద్దామనుకునేవాళ్లు ఆ కేసు హైకోర్టులో కొట్టేశాక సివిల్ దావాకి వస్తారు, అప్పటికి కాలం కరిగిపోతుంది. దస్తావేజు రద్దుకి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 59 కింద సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే.

రద్దు అడగాలా, నష్టపరిహారం అడగాలా? రిజిస్ట్రేషన్ అయి, లోను నడుస్తూ, మీరు కాపురం పెట్టాక రద్దు కష్టం. లోపం తెలిసాక కూడా అద్దెకిచ్చి అద్దె తీసుకున్నారంటే, ఆస్తిని మీరు ఒప్పుకున్నట్టేనంటారు. పైగా 80 లక్షల ఫ్లాటుకి 7.5 శాతం చొప్పున కట్టిన 6 లక్షల స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు రద్దయినా ప్రభుత్వం నుంచి వెనక్కొస్తుందని ఆశపెట్టుకోలేం. దాన్ని కూడా అమ్మినవాడి దగ్గరే నష్టం కింద అడగాలి. చెమ్మ, కారుడు లాంటి వాటికి మరమ్మతు ఖర్చూ, విలువలో తగ్గుదలా అడగడమే తెలివైన పని. ఎఫ్‌టీఎల్, నిషేధిత భూమి, తనఖా ఫ్లాటు లాంటి వాటికి రద్దే అడగాలి, పరిహారం ప్రత్యామ్నాయంగా పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్‌కి ముందే బయటపడితే మీ అదృష్టం. అడ్వాన్సు వెనక్కి అడగొచ్చు, ఆ డబ్బుకి ఆస్తి మీద సెక్షన్ 55(6)(బి) కింద మీకు ఛార్జి, అంటే ఆ ఆస్తి నుంచే రాబట్టుకునే హక్కు, కూడా ఉంటుంది.

అమ్మేవాళ్ల వైపు నుంచి ఒక మాట. "2023లో కారింది, ట్రాప్ మార్పించాం, ఇదిగో బిల్లు" అని రాసి అమ్మితే లక్షో రెండు లక్షలో తగ్గొచ్చు. కానీ ఆ లోపం మీద సెక్షన్ 55 అక్కడితో ముగిసింది, ఎందుకంటే కొన్నవాడికి తెలుసు. అమెరికా నుంచి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం) మీద అమ్మించేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఇక్కడ సంతకం పెట్టే బావమరిదికి ఇంటి సంగతులు తెలియవు, తెలిసిన మనిషి డాలస్‌లో ఉంటాడు. "నాకేం తెలియదు" అన్నది ఇద్దరికీ కుదిరే సాకులా కనిపిస్తుంది. చట్టం దృష్టిలో అమ్మేది అసలు యజమాని, ఆయన ఎరుకే లెక్క. ప్రశ్నల కాగితం డాలస్‌కి ఈమెయిల్లో పంపి, జవాబు అక్కడి నుంచే తెప్పించుకోవాలి.

ఆయన డాలస్‌లో తన ఇల్లు అమ్మాలంటే టెక్సస్ ఆస్తి చట్టం సెక్షన్ 5.008 కింద పైకప్పు నుంచి పునాది దాకా, వరద సంగతులతో సహా, తెలిసినవి రాసి సంతకం పెట్టిన నోటీసు కొనేవాడికి ఇవ్వాలి. న్యూయార్కులో అలాంటి ఫారం ఎగ్గొట్టడానికి 500 డాలర్ల దారి ఒకటుండేది. ఫారం బదులు ఆ డబ్బు కొనేవాడికి వదులుకుంటే సరిపోయేది, అందరూ అదే చేసేవాళ్లు. 2024 మార్చి 20 నుంచి దాన్ని మూసేశారు. ఫారం ఉన్నంత మాత్రాన అబద్ధాలు ఆగవు. కానీ అబద్ధం సంతకంతో ఉంటుంది.

మన దగ్గర సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంటి దస్తావేజుతో పాటు అనెక్చర్ ఒకటి నింపిస్తారు. ఇల్లు వయసెంత, కప్పు ఏ రకం, ఎన్ని చదరపు అడుగులు అని అడుగుతారు, స్టాంపు డ్యూటీ లెక్క కోసం. ఆ కాగితం మీద ఇరుపక్షాల సంతకాలూ ఉంటాయి. కప్పు ఆర్‌సీసీయా, రేకులా అని అడిగే గడి పక్కన, కారుతోందా అని అడిగే గడికి చోటు లేకేం కాదు. అది వచ్చేదాకా కాగితం మీరే తయారు చేసుకోండి. అమ్మేవాడు సంతకం పెట్టనంటే అవే ప్రశ్నలు వాట్సాప్‌లో పంపి, చివర గుర్రం కొన్నవాడి వాక్యం చేర్చండి: "శుక్రవారం లోపు మీరు కాదనకపోతే ఇవేవీ లేవనుకుని శనివారం రిజిస్ట్రేషన్‌కి వస్తాను."